అద్దె తగ్గింది, ఖర్చు పెరిగింది: చిన్న నగరానికి తరలిన ఒక కంపెనీ కేసు

కంపెనీలు ఆఫీసు ఎక్కడ పెట్టుకోవాలి, ఏ ఊళ్లో ఎంత జీతం ఇవ్వాలి అనే లెక్కలు వేసిపెట్టడం నా వృత్తి. ఇప్పటికి ఇలాంటివి చాలా చేశాను. వాటిలో ఈ ఒక్కదాన్ని రాసిపెట్టడానికి కారణం, ఇందులో మొదట తప్పు సలహా ఇచ్చింది నేనే. కంపెనీని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నగరాల పేర్లు చెప్పడం లేదు. డబ్బు లెక్కలన్నీ నూటికి కుదించాను. ఉద్యోగుల సంఖ్యలు కొంచెం అటూఇటూ చేశాను గానీ నిష్పత్తులు మాత్రం ఉన్నవే.

నేపథ్యం

ఫ్యాక్టరీల్లో తయారయ్యే వస్తువుల్లో లోపాలు పట్టే కెమెరా యంత్రాలు చేసే కంపెనీ ఇది. మొత్తం 160 మంది. డిజైన్‌లో 45, యంత్రాల బిగింపు, పరీక్షల్లో 50, కస్టమర్ సపోర్టు, మాన్యువళ్లలో 40, మిగతా 25 మంది అకౌంట్లు, కొనుగోళ్లు, అమ్మకాలు. అందరూ దాదాపు 80 లక్షల జనాభా ఉన్న నగరంలోనే పనిచేసేవారు.

ఆఫీసు లీజు ముగియబోతోంది. భవనం యజమాని కొత్తగా అడుగుతున్న అద్దె పాతదానికి ఒకటిన్నర రెట్లు. ఇంజనీర్లు ఏటా జీతాలు పెంచమంటున్నారు, పెంచిన జీతం ఇంటి అద్దెకే పోతోందంటున్నారు. అబద్ధం కూడా కాదు. కంపెనీ యజమాని అప్పటికే నాలుగు లక్షల జనాభా ఉన్న మరో నగరంలో భవనం చూసొచ్చారు. అక్కడ చదరపు అడుగు అద్దె పెద్ద నగరంలో దాంట్లో మూడో వంతు కూడా లేదు.

మొదటి మీటింగ్‌లో ఆయన అడిగింది ఒకటే. ‘మావాళ్లు చేసేది కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లు గీయడం. అది ఎక్కడ కూర్చుని గీస్తే ఏమిటి? జీతాలు ఎంత తగ్గించొచ్చో లెక్క కట్టి ఇవ్వండి, చాలు.’

ఆ ప్రశ్నలో నాకు వెంటనే కనపడాల్సిన మెలిక ఒకటుంది. పెద్ద నగరం నిజంగా ఖరీదు మాత్రమే అయితే ఇన్ని కంపెనీలు అక్కడ ఎందుకు వేలాడుతున్నాయి? ఎవరూ కట్టేయలేదు కదా. జనం విషయంలోనూ అదే ప్రశ్న. ఆర్థికవేత్తలు షెర్విన్ రోజెన్ 1979లో, జెన్నిఫర్ రోబాక్ 1982లో ఈ ప్రశ్న నుంచే బయల్దేరి కట్టిన సిద్ధాంతాన్ని మా వృత్తిలో అందరం చదువుకునే వస్తాం. కంపెనీలకూ మనుషులకూ ఊరు మారే స్వేచ్ఛ ఉన్నప్పుడు, ఒక చోట అద్దె ఎక్కువ పలుకుతోందంటే ఆ చోటు ఎవరికో అంత విలువ ఇస్తోందని అర్థం. ఆ విలువ కంపెనీకి ఉత్పాదకత రూపంలోనైనా ఉండాలి, మనిషికి బతుకు సౌఖ్యం రూపంలోనైనా ఉండాలి. అద్దె ఒట్టి ఖర్చు కాదు, ఇంకేదో దొరుకుతుంటే దానికి కడుతున్న ధర.

ఇదంతా తెలిసి కూడా ఆ రోజు నేను ఆయన అడిగిన ప్రశ్నకే జవాబు వెతికాను.

కాగితం మీద వేసిన లెక్క

నగరం పరిమాణం రెట్టింపైతే ఉత్పాదకత ఎంత పెరుగుతుందో కొలిచిన పరిశోధనలు చాలా ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగాల సాంద్రత రెట్టింపైన చోట కార్మికుడి సగటు ఉత్పాదకత సుమారు 6 శాతం ఎక్కువ ఉంటుందని ఆంటోనియో చికోనే, రాబర్ట్ హాల్ 1996లో చూపించారు. మిగతా అధ్యయనాలు కూడా ఎక్కువగా 3 నుంచి 8 శాతం మధ్యే తిరుగుతాయి. మా రెండు నగరాల మధ్య తేడా 20 రెట్లు. అంటే నాలుగుంపావు సార్లకు పైగా రెట్టింపైనట్టు. 3 శాతం చొప్పున వేస్తే తేడా 14 శాతం దగ్గర, 8 శాతం చొప్పున వేస్తే 39 శాతం దగ్గర తేలుతుంది.

ఇంత వెడల్పాటి అంచనాతో ఎవరికీ సలహా చెప్పలేం. పైగా అందులో ఒక చిక్కు ఉంది. పెద్ద నగరంలో మనుషులు ఎక్కువ ఉత్పత్తి చేస్తున్నది నగరం వల్లా, లేక చురుకైనవాళ్లు అక్కడికి చేరడం వల్లా? చురుకైనవాళ్లు చేరడం వల్లే అయితే, అదే మనుషుల్ని తీసుకెళ్లి చిన్న నగరంలో కూర్చోబెడితే ఉత్పాదకత వాళ్లతోపాటే వస్తుంది. యజమాని చెప్పిందే నిజమవుతుంది. నేను ఆ వైపు మొగ్గాను. నగరం వల్ల వచ్చే తేడా 8, 10 శాతానికి మించదనుకున్నాను. ఖర్చులో తేడా 20 శాతం పైనే కాబట్టి తరలింపు లాభమని తేల్చాను.

లెక్క ఇలా ఉంది. పెద్ద నగరంలో ఒక డిజైన్ ఇంజనీరు మీద నెలకు అయ్యే మొత్తం ఖర్చు 100 అనుకుంటే అందులో జీతం 74, కూర్చునే చోటు 16, మిగతావి 10. చిన్న నగరంలో జీతం 62, చోటు 6, మిగతావి 11, మొత్తం 79. మిగతావి పెరిగింది ప్రయాణాలు, కొరియర్ల వల్ల. జీతం 16 శాతం తగ్గించడానికి నేను చూపిన ఆధారం రెండు నగరాల జీవన వ్యయ సూచీ. సూచీ ప్రకారం తేడా అంతకన్నా ఎక్కువే ఉంది కాబట్టి ఉద్యోగులకూ కొంత మిగులుతుందని రిపోర్టులో రాశాను. ఆ వాక్యం ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

మొదట ఎవరిని పంపాలి?

అందర్నీ ఒకేసారి తరలించే ధైర్యం యజమానికి లేదు. సపోర్టు టీమ్ మొత్తాన్నీ, డిజైన్‌లో మూడేళ్ల లోపు అనుభవం ఉన్న 18 మందినీ మొదటి విడతలో పంపుదామనుకున్నాం. కుర్రవాళ్లనే ఎందుకు ఎంచామంటే, వాళ్లకు సంసారాలు లేవు, సామాను లేదు, జీతాలు తక్కువ. చిన్న నగరంలో కొత్తవాళ్లను తీసుకున్నా ఈ స్థాయికే తీసుకుంటాం. సీనియర్లు విలువైనవాళ్లు, వాళ్లను కదిపితే పోటీ కంపెనీకి వెళ్లిపోతారని భయం. చవక మనుషులు చవక ఊళ్లో, ఖరీదైన మనుషులు ఖరీదైన ఊళ్లో. వినడానికి ఎంత చక్కగా ఉందో!

పద్నాలుగు నెలలు నడిచాక నన్ను మళ్లీ పిలిచారు.

ఏం జరిగింది

సపోర్టు టీమ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. వాళ్ల పని అక్కడ కూడా అలాగే జరిగింది. రోజుకు పరిష్కరించే ఫిర్యాదుల సంఖ్య తగ్గలేదు, ఖర్చు 100 నుంచి 72కు దిగింది. మానేసేవాళ్లు కూడా తగ్గారు.

డిజైన్‌లో మాత్రం అంతా తలకిందులైంది. పెద్ద నగరంలో ఇదే స్థాయి ఇంజనీరు నెలకు పది డ్రాయింగ్ సెట్లు ఆమోదం దాకా తెస్తుంటే, ఇక్కడ ఏడు దాటడం లేదు. గీసేవి తక్కువేం కాదు, తిరిగొచ్చేవి ఎక్కువ. 79ని ఏడుతో భాగిస్తే సెట్టుకు 11.3. పెద్ద నగరంలో 100ని పదితో భాగిస్తే 10. మనిషి ఖర్చు ఐదో వంతు తగ్గింది, పని ఖర్చు మాత్రం 13 శాతం పెరిగింది. అద్దె తగ్గిందన్న సంతోషంలో ఈ భాగహారం ఏడాది పాటు ఎవరూ చేయలేదు. అకౌంట్లలో జీతాలూ అద్దెలూ ఒక చోట, డ్రాయింగులు ఇంకో చోట ఉంటాయి కదా.

నేను అక్కడ రెండు వారాలు కూర్చుని చూశాను. మూడు విషయాలు కనపడ్డాయి. మూడూ కొత్తవి కావు. పరిశ్రమలు ఒకే చోట ఎందుకు గుమిగూడతాయో ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాసిన కారణాలు ఇవే: దగ్గర్లో సరఫరాదారులు, నైపుణ్యం ఉన్న మనుషుల సంత, ఒకరి నుంచి ఒకరికి పాకే పనితనం. పుస్తకంలో చదివినప్పుడు తలూపడం వేరు, ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని చూడటం వేరు.

నమూనా భాగాల సంగతి ముందు చెప్తాను. కొత్త డిజైన్ గీశాక ఒక బ్రాకెట్టో లెన్సు పట్టుకునే చట్రమో ఒక్కటంటే ఒక్కటి చేయించి చూడాలి. పెద్ద నగరంలో అలాంటి పని చేసే వర్క్‌షాపులు డజన్ల కొద్దీ ఉన్నాయి. పొద్దున ఇస్తే మర్నాటికి వచ్చేది. ఒక్క ముక్క చేసిపెట్టడం ఏ వర్క్‌షాపుకూ గిట్టుబాటు కాదు. అలాంటి ఒక్క ముక్కలు అడిగే కంపెనీలు వందల్లో ఉంటేనే గిట్టుబాటు అవుతుంది. నాలుగు లక్షల జనాభాలో అలాంటి కంపెనీ మాదొక్కటే. భాగం పెద్ద నగరం నుంచే రావాలి, తొమ్మిది రోజులు పట్టేది. అది వచ్చేదాకా ఇంజనీరు ఊరికే కూర్చోడు, ఇంకో డ్రాయింగ్ మొదలుపెడతాడు. మొదటిదాని తప్పు తెలిసేసరికి అదే తప్పు మూడు డ్రాయింగుల్లోకి పాకిపోయి ఉంటుంది.

రెండోది ఖాళీలు. ఒక ఇంజనీరు మానేస్తే పెద్ద నగరంలో ఐదు వారాల్లో ఇంకొకరు దొరికేవారు, ఇక్కడ పదమూడు వారాలు పట్టింది. దొరికినవాళ్లూ పనికి సరిగ్గా అతికేవాళ్లు కారు. ఆప్టిక్స్ తెలిసినవాడు కావాలంటే మెకానికల్ మాత్రమే తెలిసినవాడు దొరికేవాడు. ఖాళీ కుర్చీకి జీతం లేదు కాబట్టి అకౌంట్లలో అది ఆదాగా కనపడుతుంది.

మూడోదాన్ని కొలవడం కష్టం, నష్టం మాత్రం దానివల్లే ఎక్కువ జరిగింది. కుర్రవాళ్లు ఎదగడం ఆగిపోయింది. పెద్ద నగరం ఆఫీసులో కొత్తవాడు డ్రాయింగ్ గీస్తుంటే వెనక నుంచి వెళ్లే సీనియర్ ఒక్క క్షణం ఆగి, ‘ఆ మూల అంత పదునుగా పెట్టావు, చేసేవాడి టూలు అక్కడికి ఎలా వెళ్తుందనుకున్నావు?’ అని వెళ్లిపోయేవాడు. ఆ మాట ఏ ట్రైనింగ్ షెడ్యూల్లోనూ ఉండదు. సాయంత్రం పూట వేరే కంపెనీల ఇంజనీర్లను కలవడం, వాళ్లు ఏ కెమెరా వదిలేసి ఏది వాడుతున్నారో తెలుసుకోవడం, ఇవీ అంతే. ఇక్కడ 18 మంది కుర్రవాళ్లు ఒకరి తప్పులు ఒకరు నేర్చుకుంటున్నారు.

ఇక్కడ నాకు స్పెయిన్ మీద జరిగిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. హోర్హే దె లా రోకా, డియేగో పూగా 2017లో ప్రచురించింది. ఉద్యోగుల జీవితాలను ఏళ్ల తరబడి వెంటాడి చూశారు వాళ్లు. పెద్ద నగరంలో జీతం ఎక్కువ ఉండటంలో ఇంచుమించు సగం అడుగుపెట్టగానే వస్తుంది, మిగతా సగం అక్కడ పనిచేసే కొద్దీ పోగుపడుతుంది. అలా పోగుపడిన అనుభవం, ఆ మనిషి తర్వాత చిన్న నగరానికి వెళ్లినా చాలావరకు వెంటే ఉంటుంది. నేను మొదట అడిగింది మనుషులు గొప్పా, ఊరు గొప్పా అని. ఆ రెంటికీ మధ్య ఇంకో మాట ఉంది: ఊరు మనిషిని తయారు చేస్తుంది, తయారైన మనిషి ఊరు వదిలేసినా పనితనం వదలదు.

ఈ లెక్కన తయారైపోయినవాళ్లను ఖరీదైన ఊళ్లో ఉంచి, తయారవ్వాల్సినవాళ్లను చవక ఊరికి పంపాం.

అది వెంటనే తట్టిందా? లేదు. మధ్యలో ఇంకో రెండు ప్రయత్నాలు చేసి చేతులు కాల్చుకున్నాం.

పనిచేయని రెండు ప్రయత్నాలు

మొదటిది జీతం. మానేస్తున్నవాళ్లను ఆపడానికి తగ్గించిన 16 శాతంలో సగం స్థానిక భత్యం పేరుతో తిరిగి ఇచ్చాం. మానేయడం తగ్గలేదు. పదకొండు మంది ఉద్యోగులను ఒప్పించి మూడు నెలల ఇంటి ఖర్చు రాయించాను. చేతికొచ్చే జీతం 100 అనుకుంటే పెద్ద నగరంలో ఇంటి అద్దె 34, ఇక్కడ 15. సూచీ చెప్పింది నిజమే, 19 మిగిలింది. కానీ పెద్ద నగరంలో మెట్రో ఎక్కి వచ్చినవాళ్లు ఇక్కడ సొంత బండి కొనాల్సి వచ్చింది, ప్రయాణ ఖర్చు 6 నుంచి 13కు పోయింది. పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా, పరీక్ష రాయాలన్నా, విమానం ఎక్కాలన్నా పెద్ద నగరానికే వెళ్లాలి, అది ఇంకో 4. తిండి, బట్టలు, ఫోన్లు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. నికరంగా మిగిలింది 8, మేం కోసింది 16.

సూచీ తప్పు కాదు, దాన్ని నేను వాడిన పద్ధతి తప్పు. నగరం పెరిగితే ముందు పెరిగేది నేల ధర. ఊరు మారినా లారీలో వచ్చి షాపులో చేరే వస్తువు ధర అంతగా మారదు. కొన్ని చోట్ల పెద్ద నగరంలోనే చవక. జెస్సీ హ్యాండ్‌బరీ, డేవిడ్ వైన్‌స్టీన్ 2015లో అమెరికా నగరాల కిరాణా ధరలు చూసి, ఒకే సరుకును ఒకే రకం షాపులో పోల్చి, దొరికే రకాలను కూడా లెక్కలోకి తీసుకుంటే, పెద్ద నగరాల్లో ధరల స్థాయి తక్కువే ఉందని తేల్చారు. కాబట్టి ‘ఈ ఊరు 20 శాతం చవక’ అనే మాటకు అర్థం, ఆ మనిషి బతుకులో అద్దె వాటా ఎంతో తెలిస్తే తప్ప తేలదు. నలుగురు కలిసి ఒక ఫ్లాటులో ఉండే కుర్రవాడికి అద్దె వాటా ఎటూ తక్కువే. చిన్న ఊరు చవకైనా వాడికి మిగిలేది లేదు. ఇద్దరు పిల్లలతో మూడు గదుల ఇల్లు కావలసినవాడికి మిగులుతుంది. మేం పంపింది మొదటి రకాన్ని.

మానేసిన ఒకమ్మాయి చెప్పింది ఇంకా సూటిగా ఉంది. ‘జీతం గురించి కాదు సార్. ఈ ఉద్యోగం పోతే ఈ ఊళ్లో ఇంకో గుమ్మం లేదు.’ పెద్ద నగరంలో ఉద్యోగం పోయినా మరో వీధిలో ఇంకోటి దొరుకుతుంది అనే భరోసా ఒక రకం బీమా. దాని ప్రీమియం కూడా ఆ అద్దెలోనే ఉందని నా లెక్కల్లో ఎక్కడా లేదు. పెళ్లైనవాళ్లకు ఇది రెట్టింపు: ఇద్దరికీ తగిన ఉద్యోగాలు ఒకే ఊళ్లో దొరకాలి. అమెరికాలో ఇద్దరూ బాగా చదువుకున్న జంటలు పెద్ద నగరాలవైపే ఎక్కువగా చేరుతున్నారని డోరా కోస్టా, మాథ్యూ కాన్ 2000లో రాశారు. ఎనిమిది శాతం భత్యం ఆ ఇబ్బందిని తీర్చదు.

రెండో ప్రయత్నం వీడియో కాల్స్. ప్రతి కుర్రవాడికీ పెద్ద నగరంలో ఒక సీనియర్‌ను కేటాయించాం, రోజూ అరగంట. మొదటి నెల బాగానే జరిగింది. తర్వాత తెలిసిందేమంటే, కాల్‌లో కుర్రవాళ్లు తమకు తెలిసిన సందేహాలే అడుగుతున్నారు. తప్పు చేస్తున్నామని తెలియని చోట అడగరు కదా. వెనక నుంచి నడుస్తూ చూసేవాడికి కనపడేది స్క్రీన్ షేర్‌లో కనపడదు. తిరిగొచ్చే డ్రాయింగులు కాస్త తగ్గాయి, నెలకు ఏడు సెట్లు కాస్తా ఏడున్నర అయ్యాయి. సీనియర్ల సమయం పోయినంత లాభం రాలేదు. దాన్ని పూర్తిగా తీసిపారేయను, తర్వాత వేరే చోట పనికొచ్చింది.

తిరగేసి చూడటం

యజమానికి అప్పటికి విసుగొచ్చింది, అందర్నీ వెనక్కి రప్పిస్తానన్నారు. అదే జరిగి ఉంటే ఈ కేసు ఇక్కడితో అయిపోయేది. నేను ఒక నెల అడిగి పెద్ద నగరంలో మిగిలిన సీనియర్ల ఇంటి ఖర్చులు కూడా రాయించాను. ఈసారి డబ్బుతోపాటు సమయం కూడా.

చాలామంది శివార్లలో ఉంటున్నారు. ఆఫీసుకు ఒకవైపు 70 నిమిషాలు. నగరం నడిబొడ్డు నుంచి దూరం పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది, ప్రయాణం పెరుగుతుంది. విలియమ్ అలోన్సో 1964లో గీసిన బొమ్మ ఇదే. అంటే పెద్ద నగరం ఖరీదులో ఒక భాగం అద్దె రసీదులో కనపడదు, గడియారంలో కనపడుతుంది. సూచీలో అది ఉండదు. చిన్న నగరంలో అదే ప్రయాణం 20 నిమిషాలు. రోజుకు 100 నిమిషాలు చేతికొస్తాయి. ఇది కుర్రవాళ్లకు పెద్ద విషయంగా అనిపించలేదు, వాళ్లు ఆఫీసు దగ్గరే ఇరుకు గదుల్లో ఉండేవారు. పిల్లలున్న సీనియర్లకు మాత్రం ఆ 100 నిమిషాలు బంగారం.

ముక్కలు అతుక్కున్నది అప్పుడే. నేర్చుకోవాల్సింది నేర్చేసుకున్నవాళ్లు ఎవరో, పెద్ద ఇల్లు, మిగిలే సమయం ఎవరికి ఎక్కువ విలువో, ఉద్యోగాల సంత మీద ఎవరు తక్కువ ఆధారపడతారో చూస్తే ముగ్గురూ చాలావరకు ఒకరే. సీనియర్లు. పేరున్న సీనియర్‌కు ఉద్యోగం పోయినా ఫోన్ చేస్తే వేరే ఊళ్లో ఇంకోటి వస్తుంది.

కానీ యజమాని అన్న మాట నిజం, సీనియర్‌ను బలవంతం చేస్తే పోతాడు. అందుకని ఎవరినీ పంపలేదు, అడిగాం. జీతంలో కోత లేదు. అంటే అద్దెలో మిగిలేదంతా ఉద్యోగిదే, ఆఫీసు చోటులో మిగిలేది కంపెనీది. యజమాని దీనికి గట్టిగా అభ్యంతరం చెప్పారు. జీతం తగ్గకపోతే లాభమేమిటన్నారు. నా వాదన ఇది: కుర్రవాళ్ల విషయంలో మనం ఉద్యోగి మిగులు మొత్తం లాగేసుకున్నాం, అందుకే వాళ్లు వెళ్లిపోయారు. మిగులులో కొంత వదిలితేనే కదిలేవాడు ఉంటాడు. చివరికి రెండేళ్ల పాటు జీతాల పెంపు మాత్రం ఆపుదాం అన్న రాజీకి వచ్చాం. ఆ పద్ధతిన ఖర్చు 100 నుంచి 91 అయింది, పెంపు ఆగిన కొద్దీ 83 దాకా దిగింది.

27 మందిని అడిగితే తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం జీవిత భాగస్వామి ఉద్యోగం. ఆ తొమ్మిదిమందీ వెళ్లాక ఏడాదికి లెక్క చూస్తే నెలకు 9.6 సెట్లు. 83ని భాగిస్తే సెట్టుకు 8.6. పెద్ద నగరంలో 10, కుర్రవాళ్లతో 11.3 ఉన్న చోట 8.6.

కుర్రవాళ్లలో మిగిలిన పదకొండు మందినీ వెనక్కి రప్పించాం. పెద్ద నగరంలో పాత ఆఫీసు వదిలేసి, దాంట్లో సగం ఉన్న చోటు తీసుకున్నారు. సపోర్టు టీమ్ చిన్న నగరంలోనే ఉండిపోయింది. చిన్న నగరానికి వెళ్లిన సీనియర్లు వారానికి రెండు రోజులు వీడియోలో కుర్రవాళ్ల డ్రాయింగులు చూస్తారు, నెలకోసారి వచ్చి మూడు రోజులు వాళ్ల వెనక తిరుగుతారు. వీడియో ఇక్కడ పనిచేసింది. ఎందుకంటే ఇప్పుడు ఆ కుర్రవాళ్ల పక్కన మిగతా సీనియర్లు ఉన్నారు. వీడియో మీద పడే భారం తక్కువ.

బిగింపు విభాగం గురించి ఇంకా చెప్పలేదు. వాళ్ల విషయంలో మేం ఒక నియమం పెట్టుకున్నాం: ఏ మోడల్ అయినా మొదటి ఇరవై యంత్రాలూ పెద్ద నగరంలోనే బిగించాలి, డిజైన్ మారడం ఆగిపోయాక చిన్న నగరానికి పంపాలి. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. జిల్ డ్యురాంటన్, పూగా 2001లో నర్సరీ నగరాలు అని ఒక నమూనా ప్రతిపాదించారు. కొత్త వస్తువు ఎలా చేయాలో తెలియనప్పుడు రకరకాల పరిశ్రమలున్న పెద్ద నగరంలో ప్రయోగాలు చేస్తారు, పద్ధతి కుదిరాక ఖర్చు తక్కువ ఉండే చోటుకు వెళ్లిపోతారు అని. నారుమడిలో పెంచి పొలంలో నాటినట్టు. ఫ్రాన్స్‌లో స్థలం మారిన సంస్థల్లో పదింట ఏడు ఆ దిశలోనే కదిలాయని కూడా వాళ్లు చూపించారు. మా కంపెనీలో ఇది చిక్కులేమీ లేకుండా నడిచింది.

నా వైపు నుంచి మారినవి

అప్పటి నుంచి నేను నగరాలను పోల్చే రిపోర్టు మొదటి పేజీలో జీతాలు, అద్దెలు వేయడం మానేశాను. ముందు పనిని విడగొట్టి రాస్తాను: ఈ పని చేసేవాడు రోజుకు ఎంతమంది బయటివాళ్లను తాకాలి, తప్పు చేస్తే ఎన్ని రోజులకు తెలుస్తుంది, ఖాళీ అయితే ఎన్ని వారాలు ఆగగలం. జవాబులు చూస్తే ఏ పనికి పెద్ద నగరం అక్కర్లేదో తేలిపోతుంది. సపోర్టు టీమ్ విషయంలో ఇవన్నీ చిన్న అంకెలే వచ్చేవి, మొదట్లో అడిగి ఉంటే. ఖర్చును మనిషికి కాకుండా పూర్తైన పనికి భాగించడం రెండో పేజీ. ఉద్యోగుల అసలు ఇంటి ఖర్చు, ప్రయాణ సమయంతో సహా, మూడో పేజీ. సూచీ అనుబంధంలో ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. చిన్న నగరం ఎప్పుడూ చవకగానే ఉంటుందని కూడా అనుకోను. ఫ్రాన్స్ నగరాల ఇళ్ల, భూముల ధరల మీద పియర్-ఫిలిప్ కోంబ్, డ్యురాంటన్, లోరాన్ గోబియోన్ 2019లో ప్రచురించిన లెక్క ఒకటుంది. లక్ష జనాభా ఉన్న పట్టణం 10 శాతం పెరిగితే, అక్కడివాళ్లు మునుపటంత సుఖంగానే ఉండాలంటే ఖర్చు 0.3 శాతం పెరగాలి. పారిస్ అంతటి నగరంలో అదే పెరుగుదలకు 0.8 శాతం. అంటే ఖర్చు పెరిగే వేగం కూడా ఊరితోపాటే పెరుగుతుంది. ఉత్పాదకత వల్ల వచ్చే లాభం కూడా ఇలాంటి చిన్న అంకెల్లోనే ఉంటుంది. రెండు చిన్న అంకెల తేడా మీద ఆధారపడిన నిర్ణయాన్ని గుండ్రటి సగటులతో తీసుకోకూడదు. నేను మొదటిసారి చేసింది అదే.

తీరని సమస్య ఒకటి మిగిలింది. చిన్న నగరంలోనే పుట్టి పెరిగి, మా కంపెనీ వచ్చిందని పెద్ద నగరం ఉద్యోగం వదులుకుని చేరిన కుర్రవాళ్లు నలుగురున్నారు. డిజైన్ వెనక్కి వెళ్తుంటే వాళ్లలో ఇద్దరు ఇంటి పరిస్థితుల వల్ల రాలేమన్నారు. సపోర్టులోకి మార్చాం. ఒకతను ఆరు నెలల్లో మానేశాడు. నా లెక్కలో వాళ్లకు చోటు లేకపోయింది, ఇప్పటికీ దానికి నా దగ్గర పరిష్కారం లేదు.

కిందటిసారి చిన్న నగరం ఆఫీసుకు వెళ్లినప్పుడు సీనియర్ల గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ మనిషి ఉద్యోగం మానేసి, రెండు వీధుల అవతల షెడ్డు అద్దెకు తీసుకుని రెండు మెషిన్లు పెట్టుకున్నాడు, నమూనా భాగాలు చేసివ్వడానికి. ఆ ఊళ్లో అద్దె అంత తక్కువ కాబట్టే ధైర్యం చేయగలిగానని నాతో అన్నాడు. యజమానికి ఇంకా కోపం పోలేదు. తొమ్మిది రోజులు పట్టే బ్రాకెట్టు మాత్రం ఇప్పుడు రెండు రోజుల్లో వస్తోంది. ఆ షెడ్డుకు ఇంకా రెండు కంపెనీల నుంచి పని వస్తోందట, అందులో ఒకటి అక్కడికి కొత్తగా వచ్చినదే.